మూలకోత మిషనూ మట్టిగాజులూ

నరసన్నపేట,
4-8-1968

తమ్ముడు జగన్నాధానికి,

అప్ప నీలవేణి రాస్తున్నది. ఖరగ్‌పూర్‌లో నువ్వూ పార్వతీ పిల్లా కులాసా అని తలుస్తాను. ఇక్కడ వానలు బాగానే పడ్డాయి. ఉబాలు అయిపోవచ్చాయి. మా మడిలో కూడా నాట్లు పడ్డాయి కాని గట్టు రెండుచోట్ల తెగింది. మనిషిని పెట్టి వేయించాను.

మీ బావకి నెమ్మదిగా ఉంది. పక్షవాతం వచ్చిన కుడిచెయ్యి ఇంకా లేవడం లేదు. ఎడమచేత్తో అన్నం తింటున్నాడు. కర్ర పట్టుకుని వీధరుగు దాకా వస్తున్నాడు. మాట తక్కువ. పూర్వం కూడా ఎక్కువ మాట్లాడిన మనిషి కాదు కనక, ఇందులో జబ్బు ఎంతో స్వభావం ఎంతో నాకే తెలీదు.

ఇప్పుడు రాసేది పటాలు కట్టే దుకాణం సంగతి. వేసంగిలో బావ పడిపోయిన దగ్గర్నుంచి తలుపులు తియ్యలేదు. నువ్వు కలకత్తాలో మూతపడిన కార్ఖానాలో కొని రైల్లో పంపిన మూలకోత మిషను మీద గోనె కప్పి ఉంచాం. దాన్ని అమ్మేద్దామని మా అత్త గున్నమ్మ పట్టు. "మగోడు సెయ్యెత్తలేనప్పుడు మోటారు రంపం ఎవలికే? పూజ సేస్తావేటి దానికి?" అంటోంది. రైసుమిల్లు వాళ్ళు ఇప్పటికే వచ్చి చూసుకుని వెళ్ళారు. అది పోతే దుకాణం పోయినట్టే. మళ్ళీ తెరుచుకోదు.

బట్టల కొట్టు బంగారురాజు గారు దీపావళికి తన బేరగాళ్ళకి పంచడానికి లక్ష్మీదేవి పటాలు తెప్పించారు. ఫ్రేములు కట్టే పని శ్రీకాకుళంలో ఎవరికో ఇస్తారని విని నేనే వెళ్ళి అడిగాను. "మీ సోములు సెయ్యి బాగుపడ్డాదా అమ్మా?" అన్నారు. నా చేతులు బాగానే ఉన్నాయన్నాను. ఆయన నవ్వి పటాలు ఇచ్చారు. ఇంటినిండా ఇప్పుడు లక్ష్మీదేవులే.

అద్దం కొయ్యడం, అట్ట కత్తిరించడం, మేకు కొట్టడం పెళ్ళైనప్పటి నుంచి నా పనే. ఫ్రేము పట్టీల మూలలు కొయ్యడం ఒక్కటే బావ పని. నువ్వొచ్చి మిషను బిగించినప్పుడు బావకి దగ్గరుండి చూపించావు. నేను టీ ఇచ్చి లోపలికి పోయాను. ఆ టీ ఇవ్వకుండా నిలబడి చూసి ఉంటే బాగుండేది. బావని అడిగితే ఎడమచేత్తో చూపిస్తాడు, అన్నీ తిరగబడి కనిపిస్తాయి. అందుచేత నువ్వు రాయి. నాకేమీ తెలీదనుకుని రాయి.

అప్ప,
నీలవేణి


ఖరగ్‌పూర్,
12-8-1968

అప్పకి,

జగన్నాధం నమస్కారాలు. ఉత్తరం అందింది. నువ్వు చెయ్యగలవు. చేతిరంపం ఎలా పట్టుకోవాలో బావకంటే ముందు నాన్న దగ్గర నువ్వే నేర్చావు. అయితే ఇది చేతిరంపం కాదు. చేతిరంపం వేలు కోస్తే కట్టు కట్టుకుంటాం. ఇది కోస్తే కట్టడానికి వేలు ఉండదు. రాసింది రాసినట్టు చెయ్యి.

ముందు గాజులు తీసెయ్. రెండు చేతులవీ తియ్యి, ఒక్కటి కూడా ఉంచకు. ఉంగరమూ తియ్యి. జడ ముడి చుట్టుకో. పైట బొడ్లో దోపితే చాలదు, నడుం చుట్టూ తిప్పి బిగించి కట్టు. తిరిగే బ్లేడు దగ్గర వేలాడేది ఏదీ ఉండకూడదు. పళ్ళకి చిక్కితే విడిపించుకునే వ్యవధి ఇవ్వదు, చెయ్యితో సహా లాక్కుంటుంది. చేతికి తొడుగులు వేసుకుంటే మంచిదని ఎవరైనా అంటే వినకు, అవీ అంతే. కళ్ళకి నేను బావకిచ్చిన అద్దాలు పెట్టుకో.

పట్టీని బల్లకీ, వెనక అడ్డుగా ఉన్న ఇనప గోడకీ సందు లేకుండా ఆనించు. పట్టీ వంకరగా ఉంటే ఉబ్బిన వైపు గోడకి రావాలి, లేకపోతే కోత మధ్యలో బ్లేడుని నొక్కి పట్టేస్తుంది. పట్టీని చెయ్యి పట్టుకోకూడదు, క్లాంపు పట్టుకోవాలి. నీ ఎడమచెయ్యి బ్లేడుకి జానెడు కంటె దగ్గరికి ఎప్పుడూ రాకూడదు. ఒక చెయ్యి మీంచి ఇంకో చెయ్యి వేసి పట్టుకోవడం అసలే వద్దు.

స్విచ్చి నొక్కగానే కొయ్యకు. మోటారు గొంతు ఎక్కి, ఒక్క తీరున పాడేవరకూ ఆగు. అప్పుడు పిడి మెల్లగా కిందికి దించు. నొక్కకు, రంపం తనంతట తను తింటుంది. తెగాక స్విచ్చి వదిలెయ్. బ్లేడు కింద ఉండగానే పూర్తిగా ఆగనీ. ఆగాకే పైకెత్తు, ఆగాకే ముక్క తియ్యి. మిషను చేసే ప్రమాదాల్లో సగం, పని అయిపోయిందనుకున్నాక జరిగేవే.

కోణం మార్చాలన్నా బ్లేడు ముట్టుకోవాలన్నా దుకాణం గోడకున్న మెయిన్ స్విచ్చి దించు. బ్లేడు మీద స్ప్రింగుతో లేచి పడే ఇనప మూత ఉంది. గీత కనిపించడం లేదని దాన్ని తాడుతో ఎత్తి కట్టకు. పొట్టి ముక్కలు ఎప్పుడూ కొయ్యకు. పొడుగు పట్టీలోంచి కోసుకుంటూ రా, చివర మిగిలింది పొయ్యిలో పెట్టు.

బావని దగ్గర కుర్చీలో కూర్చోబెట్టుకో. చెప్పలేకపోయినా, తప్పు చేస్తే మొహం చూస్తే తెలుస్తుంది. మా వర్క్‌షాపులో కొత్త ఫోర్‌మన్ వచ్చాడు. పనికి ముందు అందరి చొక్కా చేతులూ చూస్తాడు. బాగుంది నాకు.

తమ్ముడు,
జగన్నాధం


ఖరగ్‌పూర్,
22-8-1968

అప్పకి,

జగన్నాధం నమస్కారాలు. నా ఉత్తరానికి జవాబు లేదు. పనిలో పడి ఉంటావనుకుంటాను. గాజుల సంగతి మాత్రం మరవకు. నాకు అదొక్కటే భయం.

నిన్న ఒక పార్సిలు పంపాను. ముతక గుడ్డ, రంగు వెయ్యని తెల్లది. మా షాపులో ఆ గుడ్డతోనే ముందు కట్టుకునే ఏప్రన్లు కుడతారు. ఒంటికి బిగుతుగా పట్టి ఉంటుంది, చీర కొంగు లోపలుండిపోతుంది. మెడ నుంచి మోకాలి దాకా వచ్చేలా కుట్టించుకో. పుట్టింటి వారు నీకు గుడ్డ పెట్టి చాలాకాలం అయింది. పెట్టక పెట్టక ఇలాంటిది పెట్టాడేమిటని నవ్వుకోకు.

పిల్లకి నాలుగు రోజులు జ్వరం వచ్చి తగ్గింది.

తమ్ముడు,
జగన్నాధం


నరసన్నపేట,
3-9-1968

తమ్ముడూ,

నీ ఉత్తరాలు రెండూ వచ్చాయి. గుడ్డ కూడా వచ్చింది. ముందు నువ్వొక పని చెయ్యి. నువ్వు నాకు ఏం రాశావో, ఏం పంపావో పార్వతిని కూర్చోబెట్టి చెప్పు. నీ భార్య మొహం ఎలా మారుతుందో చూడు. తరవాత ఈ ఉత్తరం చదువు.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు నేను మేకుల కోసం బజారుకి వెళ్ళాను. పోస్టుమాన్ పోతురాజు అరుగు మీద కూర్చుని అత్తకి చదివి పెట్టాడు. పక్కింటి దాలమ్మ, ఎదురింటి జగ్గమ్మ కూడా ఉన్నారు. చేతిరంపం, వేలు వరకూ ఎవరికీ ఏమీ అనిపించలేదు. "ముందు గాజులు తీసెయ్, రెండు చేతులవీ తియ్యి, ఒక్కటి కూడా ఉంచకు" అని చదివేసరికి అత్త పెట్టిన కేక బజారు దాకా వినిపించిందట. పోతురాజు ఉత్తరం అక్కడే వదిలి సైకిలెక్కాడు.

నేను వచ్చేసరికి ఇంట్లో ఏడుపు. "నా కొడుకు గుమ్మంలో కూకున్నాడు. ఆడి పెళ్ళాం గాజులు తీయించీడానికి నీ తమ్ముడెవుడే? ఖరగ్‌పూర్‌లో జీతం తింటే సావులు రాసీడానికొస్తాదేటి?" అంది. నేను కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. బ్లేడు, క్లాంపు, మూత అన్నీ చదివాను. అంతా విని అత్త ఏమందో తెలుసా? "ముందు గాజులు రాసినాడు, తరవాత మోటారు రాసినాడు. ఆడి మనసులో ఏటున్నాదో వరసలోనే తెలిసిపోనాది" అంది.  నువ్వు మోటారుతో మొదలు పెట్టవలసింది.

పోనీ అది చల్లారుతోంది కదా అనుకుంటే నీ పార్సిలు దిగింది. అత్త విప్పింది. మగడు పోతే పదోనాడు తెల్లగుడ్డ పట్టుకుని ఎవరొస్తారు? అన్నదమ్ములే కదా రావాలి! గాజులు తియ్యమన్నవాడే గుడ్డ కూడా పంపాడు. ఇంక దినం ఒకటే బాకీ అని దాలమ్మ ఊరంతా చెప్పింది. అత్త ఆ గుడ్డని కర్రతో ఎత్తి పశువుల సాలలో పడేసింది.

నాకు నవ్వే వచ్చింది తమ్ముడూ. నీ గురించి నాకు తెలుసు. చిన్నప్పుడు చుట్టం చనిపోతే వెళ్ళి, అన్నం బాగుందని చెప్పి వచ్చినవాడివి. కాని బావకి నవ్వు రాలేదు. అరుగు మీద ఉన్నవాడు పోతురాజు చదివింది అంతా విన్నాడు. లోపలికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తరవాత మిగతా ఉత్తరం నేను చదివినా ఇటు తిరగలేదు. బావమరిది తన పని అయిపోయిందని లెక్క కట్టేశాడని అనుకున్నాడు కాబోలు.

అందుచేత గాజులు నేను తియ్యను. ఇది అత్తకి భయపడి కాదు. ఆ మనిషి చూస్తూ ఉండగా నేను బోడిచేతులతో తిరగను.

మిగతావన్నీ నువ్వు రాసినట్టే చేస్తున్నాను. దుకాణం తెరిచాను. గాజులు మోచేతి దాకా తోసి, పైన గుడ్డపీలిక చుట్టి కడుతున్నాను. మొదటి రోజు ఉత్త కర్రలు కోసి చూశాను. మోటారు గొంతు ఎక్కేదాకా ఆగడం ఒక్కటే కష్టం, చెయ్యి తొందర పడుతుంది. రెండో రోజు నాలుగు పట్టీలు నలభై ఐదు డిగ్రీల గీత మీద పెట్టి కోసి మూలలు కలిపాను. వెలుతురుకి ఎత్తి చూస్తే సందు లేదు. బావ వచ్చి గోరుతో గీకి చూశాడు. ఏమీ అనలేదు. గీకి చూశాడంటే చాలు.

అప్ప


ఖరగ్‌పూర్,
11-9-1968

అప్పకి,

నమస్కారాలు. పార్వతికి చెప్పాను. "ఉత్తరం రాసే ముందు నాకు ఒక మాట చెప్తే నోరు పడిపోయేదా?" అంది. ఆ తరవాత నాతో మాట్లాడడం మానేసింది. అన్నం కంచం దూరంగా పెట్టి తోస్తోంది.

అత్త కాళ్ళు పట్టుకున్నానని చెప్పు. బావకి ఏం చెప్పాలో నాకు తెలీడం లేదు. నేను మిషను గురించే రాశాను. మిషను దగ్గర నాకు చేతులే కనిపిస్తాయి, ఆ చేతులు ఎవరివో గుర్తుండదు. అదే నా తప్పు.

కాని అప్పా, గాజుల మీద పీలిక చుట్టడం గాజులకంటే ప్రమాదం. ముడి ఊడితే కొస వేలాడుతుంది. కొస వేలాడితే చెయ్యి పోతుంది. నువ్వు గాజులు తియ్యలేవు, నేను తియ్యమనలేను. అలాంటప్పుడు మిషను అమ్మేయి. తెచ్చినవాణ్ణి నేనే, అమ్మమంటున్నదీ నేనే. బంగారురాజు గారికి క్షమించమని నేను ఉత్తరం రాస్తాను. తరవాత వీలు చూసుకుని చెక్కపెట్టెకి ఏటవాలు గాడి కోసి పంపుతాను. అందులో చేతిరంపం పెట్టి నెమ్మదిగా కోసుకోవచ్చు. ఇంట్లో ముగ్గురు మనుషులకి ఆధారం నీ రెండు చేతులే. వాటిని పందెం పెట్టకు.

తమ్ముడు,
జగన్నాధం


నరసన్నపేట,
25-9-1968

తమ్ముడూ,

మిషను అమ్మను. బంగారురాజు గారికి నువ్వేమీ రాయకు. ఆయనకి మాట ఇచ్చింది నేను, నువ్వు కాదు. చెక్కపెట్టె కూడా పంపకు. దానితో కోస్తే ఈ పటాలు వచ్చే దీపావళికి తయారవుతాయి.

జరిగింది రాస్తాను. చివరిదాకా చదివి భయపడాలో వద్దో నిర్ణయించుకో.

పోయిన గురువారం పొద్దుట పట్టీల చివర ఒక ముక్క మిగిలింది. బెత్తెడుకి కొంచెం ఎక్కువ. మంచి టేకు, చెక్కడం ఉన్న పట్టీ. పొయ్యిలో పెట్టమని నువ్వు రాశావు. మంచి టేకు పొయ్యిలో ఎవరు పెడతారు? చిన్న పటానికి పనికొస్తుందని మిషను మీద పెట్టాను. అంత పొట్టిదాన్ని క్లాంపు పట్టదు. చేత్తో పట్టుకున్నాను. చెయ్యి జానెడు దూరంలో లేదు, అది నాకు తెలుస్తూనే ఉంది. పిడి దించాను. పళ్ళు తగలగానే ముక్క గిర్రున తిరిగి ఎగిరింది. వేళ్ళకి తగల్లేదు. ఎడమ ముంజేతి మీద తగిలింది. పీలిక కింద గాజులు రెండు పగిలి, పెంకులు ఒంట్లో దిగాయి. నేను స్విచ్చి వదిలాను. బ్లేడు ఆగేదాకా కదలకుండా నిలబడ్డాను. ఆ ఒక్కటి నువ్వు మెచ్చుకోవచ్చు.

అత్త పరిగెత్తుకొచ్చింది. రక్తం చూడలేదు. కింద పడిన గాజుపెంకులు చూసింది. "ఓలమ్మో, గాజులు సితికిపోనాయే! నా కొడుకుని ఏటి సేసీసినావే!" అని గుండెలు బాదుకుంది. కొడుకు పక్కనే కుర్చీలో ఉన్నాడు.

బావ లేచాడు. కర్ర తీసుకోలేదు, బల్ల పట్టుకుని వచ్చాడు. "అమ్మా" అన్నాడు. అత్త ఆగలేదు. "అమ్మా, నోరు ముయ్యి. ముందు దాని సెయ్యి సూడు" అన్నాడు. జబ్బు వచ్చాక ఇన్ని మాటలు ఒక్కసారి అనడం అదే మొదలు. మాట ముద్దగానే ఉంది, కాని అర్థమైంది.

పీలిక విప్పాడు. పెంకులు ఏరాడు. తరవాత నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని మిగిలిన గాజులు తియ్యడం మొదలెట్టాడు. అత్త అడ్డం వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఒరే, ఒద్దురా. తీయకూడదురా" అంది.

"ఎవులు తీస్తన్నారు?" అన్నాడు బావ.

అత్త చెయ్యి మోచేత్తో పక్కకి నెట్టాడు.

"నాను తీస్తన్నాను. నానుండి తీస్తన్నాను. పోనోడు వచ్చి తీస్తాడేటి?"

ఎడమచేత్తో గాజు తియ్యడం సులువు కాదు. సబ్బునీళ్ళు తెచ్చుకున్నాను. బావ తన కుడిచేత్తో నా వేళ్ళు దగ్గరికి నొక్కి పట్టుకుందామని చూశాడు. ఆ చెయ్యి మాట వినలేదు. నా చేతిమీద బరువుగా అలా పెట్టి ఉంచాడు, ఎడమచేత్తో లాగాడు. ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. రెండు చేతులవీ అయ్యాక "ఇప్పుడు కొయ్యి. సాయంత్రం మళ్ళీ నానే ఏస్తాను" అని వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

 అత్త లోపలికి వెళ్ళి పసుపుదారం తెచ్చింది, గాజులకి బదులు మణికట్టుకి కడతానని. వేలాడేది ఏదీ పనికిరాదని నీ ఉత్తరంలో మాట చెప్పాను. "ఆడి ఉత్తరం కాల" అని దారం పారేసి, పసుపు ముద్ద చేసి తెచ్చి రెండు మణికట్లకీ దట్టంగా రాసింది. బ్లేడు దానికేమీ చెయ్యదు కదా.

మర్నాడు పశువుల సాలలోంచి నీ గుడ్డ బయటికొచ్చింది. దాన్నీ పసుపునీళ్ళలో ముంచి ఆరవేసింది. ఇప్పుడది పచ్చగా ఉంది, తెల్లగుడ్డ అని ఎవరూ అనలేరు. కుట్టించుకున్నాను. ఒంటికి పట్టి ఉంది. చంకల దగ్గర బిగుతు.

గాయం మానింది. ఆ టేకు ముక్క పొయ్యిలో పెట్టాను.

అప్ప,
నీలవేణి


ఖరగ్‌పూర్,
4-10-1968

అప్పకి,

నమస్కారాలు. నీ ఉత్తరం పార్వతి చదివింది, తరవాత నాకిచ్చింది. ఇప్పుడు కంచం దగ్గరికే తెచ్చి పెడుతోంది.

బ్లేడు ఆగేదాకా నిలబడ్డావు చూడు, మా షాపులో పదేళ్ళు చేసినవాళ్ళు కూడా అప్పుడు చెయ్యి లాక్కుంటారు. మెచ్చుకోవచ్చన్నావు కనక రాశాను. ముక్క పట్టుకున్నందుకు రాయవలసినది రాయడం లేదు. నీకు తెలుసు.

బ్లేడు పళ్ళు ఒకసారి చూడు. మెయిన్ స్విచ్చి దించి చూడు. ముక్క గట్టిగా ఎగిరితే పన్ను విరగవచ్చు. విరిగితే కొయ్యకు, నాకు రాయి, కొత్తది పంపుతాను. ఈసారి ఏం పంపుతున్నానో పార్వతికి చూపించే పంపుతాను.

దసరా పూజలో మిషనుకి దండ వేసి ఉంటారు. అది తీసేదాకా మెయిన్ వెయ్యకండి.

బావ చెయ్యి నా చేతిమీద పెట్టినట్టే ఉంది.

తమ్ముడు,
జగన్నాధం


నరసన్నపేట,
27-10-1968

తమ్ముడూ,

దీపావళి ముందే బంగారురాజు గారి పటాలన్నీ ఇచ్చేశాను. బ్లేడు పళ్ళు విరగలేదు. దండ తీశాకే మెయిన్ వేశాం. ఆ మాట అత్తే గుర్తు చేసింది.

పటాలు చూసుకోవడానికి బంగారురాజు గారు తనే వచ్చారు. నేను చివరి పట్టీ కోస్తున్నాను. ఇంకా బ్లేడు తిరుగుతూ ఉండగానే, కోసిన ముక్క ఎలా ఉందో చూద్దామని చెయ్యి ముందుకు పెట్టారు. అత్త చేతికర్రతో ఆయన మణికట్టు మీద ఒక్కటి వేసింది. "ఆగినాక ఏలెట్టాల బాబూ. నీకు కొట్టున్నాది గాని కొత్త ఏలు అందులో దొరకదు" అంది. ఆయన చెయ్యి రుద్దుకుంటూ నవ్వారు. సంక్రాంతికి కేలెండరు బొమ్మలు కట్టే పని కూడా ఇచ్చి వెళ్ళారు. రైసుమిల్లు వాళ్ళు మళ్ళీ వస్తే అత్తే జవాబు చెప్పింది. ఏం చెప్పిందో నేను రాయకూడదు.

రోజూ పొద్దుట పని మొదలెట్టే ముందు బావ గాజులు తీస్తాడు. దీపం పెట్టే వేళకి తొడుగుతాడు. తియ్యడం అలవాటైంది, సబ్బు అక్కర్లేదు. తొడగడమే కష్టం. ఎడమచేత్తో తొడగమంటే వినడు. కుడిచేత్తోనే అంటాడు. వేళ్ళు ఇప్పుడు గాజుని పట్టుకుంటున్నాయి కాని, ఎంత నొక్కాలో వాటికింకా తెలీడం లేదు. రెండు మూడు రోజులకి ఒకటి పగులుతుంది.

నిన్న కూడా పగిలింది. దాలమ్మ అరుగు మీదే ఉంది. "అయ్యో, దీపాల ఏళ గాజు సితికిందే గున్నమ్మొదినా!" అంది. అత్త పెంకులు ఏరి చేటలో వేసి, "సితకనీ. ఆడి సెయ్యి నొక్కితే సితికినాది. రేపు గాజులామె వస్తాది, డజను తీసుకుంటాను" అని బయట పారబోసి వచ్చింది.

అప్ప,
నీలవేణి